గుర్రం ఇంట్లో దిగిన బంటు

రాజారాం బంటు ఆఖరి వరుసలో కాలు పెట్టేసరికి ఆయన గడియారంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని సెకన్లే మిగిలాయి. తెర మీద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అందులో నాలుగు బొమ్మలు: మంత్రి, ఏనుగు, ఒంటె, గుర్రం. చివరిదాకా నడిచివచ్చిన బంటును ఏం చేయమంటావని అడిగే పెట్టె అది. అక్కడ ఎవరి వేలైనా కళ్లు మూసుకుని మంత్రి మీదికే పోతుంది. అన్నిటికన్నా బలమైనది అదే కదా. రాజారాం వేలు తడుముకోకుండా గుర్రం మీదికి పోయింది.

తన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఆట చూస్తున్న అనుపమ, అయ్యో, ముసలాయన తప్పు నొక్కాడనుకుంది. మరుక్షణం బోర్డు మీదికి వంగింది. కొత్తగా పుట్టిన గుర్రం ఒక్క దెబ్బకు లాతూర్ వాళ్ల రాజుకు చెక్ చెప్పి, మంత్రి మీద కూడా కన్నేసింది. బంటు మంత్రి అయి ఉంటే రాజారాం తర్వాతి ఎత్తులోనే ఓడిపోయేవాడు. బోర్డు మొత్తం మీద ఆయన్ను బతికించే ఎత్తు అదొక్కటే. దాన్ని కనుక్కోవడానికి ఆయనకు ఒక సెకను కూడా పట్టలేదు.

ఫోన్ మోగుతూనే ఉంది. చదరంగం మండళి గ్రూపులో చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు కుప్పలుగా పడుతున్నాయి. ఆ ఒక్క ఆటతో నాందేడ్ జట్టు లీగు ఫైనల్‌కు చేరింది. మండళి అధ్యక్షుడు శంకర్రావు పట్టలేని సంతోషంతో సగం మరాఠీ, సగం తెలుగు కలిపి ఒక పెద్ద మెసేజ్ పెట్టాడు. రాజారాం రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. జట్టు కెప్టెన్ అయి ఉండి కూడా అనుపమకు ఏమీ పెట్టబుద్ధి కాలేదు.

ఆమె ఆట అప్పటికే అయిపోయింది. ఒక ఏనుగు ఎక్కువ పెట్టుకుని, గెలుపు ఎదురుగా కూర్చోబెట్టుకుని, సమయం చాలక ఓడిపోయింది. ఇది కొత్త కాదు. హింగోలి గేటు దగ్గర మండళి హాల్లో తీరిగ్గా కూర్చోబెడితే అనుపమను ఓడించే మనిషి చుట్టుపక్కల జిల్లాల్లో లేడు. ఎదుటివాడికి ఇంకా తట్టని ఎత్తు ఆమెకు ముందే కనబడుతుంది. బలగం తగ్గి నాలుగు పావులే మిగిలాయంటే ఇక ఆమెదే రాజ్యం. కానీ ఈ మూడు నిమిషాల ఆన్‌లైన్ ఆటలో, కనబడిన ఎత్తును ఒకటికి మూడుసార్లు సరిచూసుకోకుండా ఆమె చెయ్యి కదలదు. అలా సరిచూసుకుంటూ గెలిచిన ఆటల్ని గడియారానికి అప్పజెప్పి లేస్తుంటుంది.

రాజారాం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఏ బండిని ఆపాలో ఏ బండిని వదలాలో చెప్పి చెప్పి రిటైరైన మనిషి. హాల్లో గంటల తరబడి ఆడే ఆటలో ఆయన అనుపమ మీద ఒక్కసారీ గెలవలేదు. ఆలోచించేకొద్దీ చిక్కుపడి, వేసిన ఎత్తు చూసి తానే నాలుక కరుచుకుంటాడు. అదే మనిషి ఆన్‌లైన్‌లో, గడియారం పరిగెడుతుంటే, కుర్రాళ్లను కూడా ఊపిరాడనివ్వడు. ఇంతవరకూ అందరూ దాన్ని వింతగా చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ ఆదివారం సాయంత్రం అనుపమకు మొదటిసారి నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం లీగు అంపైర్ ప్రథమేశ్ ఫోన్ చేశాడు. లాతూర్‌లో ఉంటాడు. మెత్తగా, మర్యాదగా, మరాఠీలో మాట్లాడతాడు. లాతూర్ జట్టు అభ్యంతరం చెప్పిందన్నాడు. రాజారాం వేసిన ఎత్తులు చాలావరకు కంప్యూటర్ చెప్పే ఎత్తులతో కలుస్తున్నాయని, అంతమాత్రాన ఎవరినీ దొంగ అనలేమని, కానీ ఆ గుర్రం సంగతే మింగుడుపడటం లేదని చెప్పాడు. ఈ లీగులో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడేవాళ్ల వెనక ఎవరున్నారో చూసేవాళ్లుండరు కాబట్టి, ప్రతి ఆటగాడి నిజాయితీకి వాళ్ల కెప్టెనే జిమ్మేదారు. కెప్టెన్ నాది పూచీ అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. పూచీ ఇవ్వలేనంటే ఆ ఆటగాడి ఖాతా మూసేస్తారు.

"మీరు ఒక్క మాట చెబితే చాలు మేడం," అన్నాడు ప్రథమేశ్. ఫైనల్ వచ్చే ఆదివారం గనక గురువారం లోపల చెప్పమన్నాడు.

అనుపమ ఆ ఒక్క మాటా అప్పటికప్పుడు చెప్పలేకపోయింది. చూసి చెబుతానంది. ఆమె జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. పరీక్షల్లో కాపీ పట్టడంలో ఆమెకు పేరు. పిల్లలు ఆమె డ్యూటీ పడిందంటే చిట్టీలు గేటు బయటే పారేసి వస్తారని స్టాఫ్ రూమ్‌లో హాస్యమాడతారు. ఆమె పట్టేది చిట్టీలను కాదు, తప్పులను. సరైన జవాబు అందరిదీ ఒకేలా ఉంటుంది. తప్పు మాత్రం ఎవరిది వాళ్లదే. ఇద్దరు ఒకే చోట ఒకే తప్పు చేశారంటే ఒకరిది చూసి ఇంకొకరు రాశారన్నమాట. ఎన్నేళ్ల నుంచో ఈ ఒక్క సూత్రం ఆమెను మోసం చేయలేదు.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విప్పిన చోటునుంచే కంప్యూటర్ దగ్గరికి పోయి, రాజారాం పాత ఆటలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. వెతికేకొద్దీ దొరికాయి. మొదటి ఎత్తులోనే బంటును రెండు గడులు తోయవచ్చు, అందరూ తోస్తారు. రాజారాం ఒక్క గడే తోస్తాడు. పుస్తకాల్లో లేని ఆరంభం. మనుషులు అలా ఆడరని, యంత్రాలకే ఇలాంటి విపరీతపు పోకడలుంటాయని ఆమెకు తోచింది. ఇంకా వెనక్కి పోతే పోయిన నెల పర్భణీ వాళ్లతో ఆడిన ఆట కనబడింది. అది అందరికీ గుర్తున్న ఆటే. బంటు చివరి గడి చేరింది. మంత్రిని చేస్తే రెండెత్తుల్లో గెలుపు. రాజారాం దాన్ని ఒంటెను చేసి, గెలిచే ఆట ఓడి, జట్టును పట్టికలో కిందికి దించాడు. వేలు జారిందన్నాడు. అందరూ పోనీలెమ్మన్నారు.

ఇప్పుడు అనుపమ ఆ ఆటను వేరే కళ్లతో చూసింది. వరసగా గెలుస్తున్న మనిషి మీద అనుమానం రాకుండా ఉండాలంటే మధ్యమధ్య ఓడాలి. అది కూడా అందరూ నవ్వేంత తెలివితక్కువగా ఓడాలి. తెలివైన పిల్లలు కాపీ కొట్టేటప్పుడు ఒకటి రెండు లెక్కలు కావాలనే తప్పు చేసినట్టు. ఈ ఆలోచన రాగానే ముడి విడిపోయినట్టు ఆమెకు ప్రాణం తేలికపడింది. అన్నీ ఒకదానికొకటి చక్కగా అతికాయి. అంత చక్కగా అతికినందుకైనా ఒకసారి ఆగి చూసుకోవాల్సింది. బోర్డు మీద ఒకటికి మూడుసార్లు చూసుకునే మనిషి, ఇక్కడ ఒక్కసారితో సరిపెట్టుకుంది.

అన్నాల దగ్గర భర్త చరణ్‌కు ఈ సంగతంతా చెప్పింది. చరణ్‌కు చదరంగం రాదు, భార్య ముఖం చదవడం వచ్చు. రొట్టె తుంచుతూ అంతా విని, అడగకూడనిది ఒకటి అడిగాడు.

"నువ్వు ఓడిపోయిన నాడే ఆయన మీద అనుమానం అచ్చిందా?"

అనుపమ పప్పు గిన్నెను అతని ముందు కొంచెం గట్టిగానే పెట్టింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ రోజు చదరంగం మాట రాలేదు.

బుధవారం ఆమె గోకుల్‌నగర్‌లో రాజారాం ఇంటికి పోయింది. చేతిలో ఫైనల్ కోసం కుట్టించిన జట్టు టీషర్టు ఉంది. అది సాకు. తలుపు తీసింది కోడలు కాజల్. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే, కూర్చోమని సైగ చేసి, లోపలి గది తలుపు తట్టి "మామా" అని పిలిచింది. ఆ తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. చదరంగం ఆడటానికి గడియ ఎందుకని అనుపమ మనసులో అనుమానాల లెక్కకు ఒక గీత గీసుకుంది.

గది తెరుచుకుంది. బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద చదరంగం బోర్డు వెలుగుతోంది. రెండోదాని మీద ఏముందో చూసేలోపలే కాజల్ వచ్చి దాన్ని మూసి చంకలో పెట్టుకుని పోయింది. అది ఆ పిల్లదే, ఆఫీసు పనికోసం రోజూ అలాగే తీసుకుపోతుంది. మామ ఆడుతుంటే తన గొంతు అడ్డు రాకూడదని గడియ పెట్టమన్నదీ ఆ పిల్లే. ఇవేవీ అనుపమ అడగలేదు. అడగని దానికి జవాబు కూడా ఆమే చెప్పుకుంది. రెండో గీత పడింది.

రాజారాం సంతోషంగానే ఎదురొచ్చాడు. టీషర్టును భుజాలకు ఆనించి చూసుకుని, పొట్ట దగ్గర పట్టదేమోనని నవ్వాడు. ఆదివారం పొద్దున హాల్లో ఆయన పిల్లలకు నడిపే చదరంగం క్లాసు గురించి చెప్పాడు. ఈ మధ్య చాపలు చాలడం లేదట. కొత్తగా చేరిన పాప ఒకతె గుర్రం నడక నేర్చుకుని, ఇంట్లో గచ్చు బండల మీద కూడా అట్లాగే గెంతుతోందని తల్లి సుశీలాబాయి చెప్పి నవ్విందట. ఆ క్లాసు మాట వచ్చినప్పుడల్లా ఆయన వయసు కొంచెం తగ్గినట్టు కనిపిస్తాడు. చాయ్ వచ్చింది. అనుపమ కప్పు చేతిలో పట్టుకుని, తాగకుండా అడిగింది.

"కాకా, మొన్నటి ఆటల ఆ గుర్రం మీకెట్ల కనవడ్డది?"

రాజారాం కళ్లద్దాలు తీశాడు. పంచె అంచుతో తుడిచాడు. తుడిచినవాటిని వెలుగులోకి పెట్టి మళ్లీ తుడిచాడు.

"గదేముంది బిడ్డా. కనవడ్డది, అంతే."

"మరి పర్భణీ ఆటల ఒంటె?"

"చెప్పిన గద. వేలు జారింది."

ఆయన చెవుల కొసలు ఎర్రబడ్డాయి. చూపు కిటికీ వైపు పోయింది. దాచిపెట్టిన చిట్టీ మీద చెయ్యి వేసినప్పుడు పిల్లల చూపు అచ్చం అలాగే కిటికీ వైపు పోతుంది. ఈ మనిషి అబద్ధమాడుతున్నాడని అనుపమకు స్పష్టంగా తెలిసిపోయింది. అందులో ఆమె పొరపడలేదు కూడా. రాజారాం నిజంగానే అబద్ధమాడుతున్నాడు. ఏ సంగతిలో ఆడుతున్నాడన్నదే ఆమెకు తెలియలేదు. చాయ్ సగంలోనే వదిలి, పనుందని లేచింది. వీధి మలుపు దాకా సాగనంపుతానని ఆయన చెప్పులేసుకున్నాడు. వద్దంది.

గురువారం స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ప్రథమేశ్‌కు మెసేజ్ రాసింది. రాజారాం ఆటకు తాను పూచీ ఇవ్వలేనని, ఆయన ఎత్తులు మనిషి ఎత్తుల్లా లేవని, అనుమానం రాకుండా ఉండటానికి మధ్యలో కావాలనే ఓడిపోయినట్టు కూడా తనకు అనిపిస్తోందని, పర్భణీ ఆట అందుకు సాక్ష్యమని రాసింది. మాటల్ని రెండుసార్లు దిద్దింది. ఎక్కడా కఠినంగా లేకుండా చూసుకుంది. కఠినమైన సంగతిని మెత్తటి మాటల్లో చెప్పినందుకు తనను తాను కొంచెం మెచ్చుకుంది కూడా.

ఆ మాటలు ప్రథమేశ్ ఒక్కడికే అనుకుంది ఆమె. సాయంత్రానికి అవి లీగు గ్రూపులో, నాలుగు జిల్లాల ఆటగాళ్ల ముందు, 'కెప్టెన్ గారి అభిప్రాయం' అనే తలకట్టుతో యథాతథంగా పడ్డాయి. కింద రాజారాం ఖాతా మూసేశామని ఒక ముక్క.  ఇది ఇలా పెట్టకుండా ఉండాల్సిందనుకుంది అనుపమ. కానీ రాసింది నిజమే కదా అని సర్దుకుంది.

శంకర్రావు వెంటనే ఫోన్ చేశాడు. మొన్న అంత పెద్ద మెసేజ్ పెట్టి సంతోషపడ్డ మనిషే, నాకు ముందునుంచీ అనుమానంగానే ఉండిందన్నాడు. పిల్లల తల్లిదండ్రులు అప్పుడే అడుగుతున్నారట, ఇలాంటాయన దగ్గర మా పిల్లలేం నేర్చుకుంటారని. ఆదివారం క్లాసు శివరాజ్‌కు అప్పజెబుతున్నానని చెప్పాడు. శివరాజ్ జట్టులో నాలుగో ఆటగాడు. ఆ క్లాసు మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. అనుపమ సరేనలేదు, వద్దనీ అనలేదు.

రాజారాం గ్రూపులో ఎవరికీ జవాబివ్వలేదు. మర్నాడు మాత్రం అనుపమ ఒక్కదానికే మెసేజ్ పెట్టాడు. శనివారం సాయంత్రం హాల్‌కు వస్తున్నానని, ఆమెను కూడా రమ్మని.

హాలు అంటే ఒక స్టేషనరీ దుకాణం మీది పొడుగాటి గది. అనుపమ పోయేసరికి అందరూ ఉన్నారు. రాజారాం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఆ బల్ల చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్లు ఈ రోజు దూరదూరంగా, తలుపు దగ్గర గుంపుగా ఉన్నారు. ఆయన జట్టు టీషర్టు వేసుకుని వచ్చాడు. అన్నట్టే పొట్ట దగ్గర బిగుతుగా ఉంది. బోర్డు మీద పావులు సర్దిపెట్టి, పక్కన రెండు ముఖాల గడియారం పెట్టాడు.

"ఒక్క ఆట ఆడుదాం బిడ్డా. మూడు నిమిషాలదే. నీ కండ్ల ముందట. ఫోన్ లేదు, కంప్యూటర్ లేదు."

తెల్ల పావులు తన వైపు తిప్పుకున్నాడు. కావాలంటే జేబులు చూసుకోమన్నట్టు చేతులు చాపాడు. అనుపమకు అది చూడటం కష్టమనిపించింది. అయినా కూర్చుంది. ఓడిపోతే ఏమిటన్న భయం ఒక మూల, యంత్రం లేకుండా ఈయన ఎంతవాడో తేలిపోతుందన్న పట్టుదల ఒక మూల ఉన్నాయి. అందరూ దగ్గరికి జరిగారు.

రాజారాం బంటును ఒక్క గడే తోశాడు. ఆయన చెయ్యి పావును ఎత్తడం, దించడం, గడియారం మీట నొక్కడం మూడూ ఒకే కదలికలో అయిపోతున్నాయి. తెర మీద కనబడనిది అదే. ఆ చేతికి వెనక ఆలోచన ఉన్నట్టు లేదు, అలవాటే ఉన్నట్టుంది. అనుపమ ఒక ఒంటెను గెలుచుకుంది. కానీ సరిచూసుకుంటూ ఉండగానే ఆమె సమయం కరిగిపోయింది. ఆట సగంలో ఒకసారి రాజారాం రాజును పట్టుకుని, గుర్రం గెంతినట్టు వంకరగా ఒక గెంతు గెంతించి, అంతలో నాలుక కరుచుకుని, మళ్లీ పాత గడిలోనే పెట్టేశాడు. శివరాజ్ కిసుక్కున నవ్వాడు. తడబాటనుకుని అనుపమ ముందుకు పోయింది.

చివరికి ఇద్దరికీ కొన్ని సెకన్లే మిగిలాయి. అనుపమ తల పైకెత్తి చూసేసరికి రాజారాం బంటు ఆఖరి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆ అడుగు వేసి మంత్రి అయిందంటే చెక్, ఆ తర్వాత ఆటకట్టు. తప్పించుకునే దారి లేదు. ఆమెకు ఇది ఎప్పుడూ అందరికన్నా ముందే తెలుస్తుంది, ఇప్పుడూ తెలిసింది. ఓటమి ఒప్పుకోవడానికి చెయ్యి సగం చాపింది కూడా.

బంటు చివరి గడిలో దిగింది. చచ్చిన పావులన్నీ బల్ల అంచున వరసగా నిలబడి ఉన్నాయి. తెల్ల మంత్రి రాజారాం వేళ్లకు ఆనుకునే ఉంది. ఆయన చెయ్యి దాన్ని దాటి అవతలికి పోయింది. గుర్రాన్ని ఎత్తింది. బంటును తీసేసి, అక్కడ గుర్రాన్ని నిలబెట్టి, మీట నొక్కింది.

ఆ గుర్రం ఎవరికీ చెక్ చెప్పలేదు. దేని మీదా దాడి చేయలేదు. ఊరికే నిలబడింది. అనుపమకు దొరకకూడని ఒక్క ఎత్తు దొరికింది. ఆమె ఏనుగు కిందికి దిగి తెల్ల రాజును కట్టేసింది. మూడు నిమిషాల ఆటలో అనుపమ గడియారాన్ని కూడా గెలిచింది అదే మొదటిసారి.

చుట్టూ నిలబడ్డవాళ్లు గొల్లున నవ్వారు. ఇంకేం కావాలి, కంప్యూటర్ పక్కన లేకపోతే ఇంతేనని శివరాజ్ అన్నాడు. శంకర్రావు గొంతు సవరించుకుని, జరిగిందేదో జరిగింది, ఇక దీన్ని ఇక్కడితో వదిలేద్దామని పెద్దమనిషి తరహాలో చెప్పాడు. రాజారాం తలొంచుకుని ఆ గుర్రాన్నే చూస్తున్నాడు. ఆయన చెవుల కొసలు మళ్లీ ఎర్రబడ్డాయి.

అనుపమ కదల్లేదు. ఆమె కూడా గుర్రాన్నే చూస్తోంది. బోర్డు మీద అది నిలబడిన గడిని చూసి, ఆట మొదట్లో ఆ గడిలో ఉండేదెవరని ఆలోచించింది. గుర్రం. అది గుర్రం ఇల్లు. లాతూర్ ఆటలో బంటు దిగింది కూడా గుర్రం ఇంట్లోనే. మరి పర్భణీ ఆటలో? కళ్లు మూసుకుని ఆ బోర్డును గుర్తు చేసుకుంది. ఒంటె ఇల్లు. 

"కాకా, వజీరు చేతికాడనే ఉండె గద. గుర్రం ఎందుకు పెట్టిన్రు?"



"గుర్రం ఇంట్ల దిగింది గద బిడ్డా," అన్నాడు రాజారాం, మెల్లగా. "మా బాపు గట్లనే నేర్పిండు."

దెగ్లూర్‌లో ఆయన తండ్రి, బట్ట మీద గళ్లు కుట్టిన బోర్డు పరిచి ఆడించిన పాత దేశీ ఆట అది. ఆ ఆటలో బంటు ఒక్కో గడే నడుస్తుంది. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. చివరిదాకా పోయిన బంటు తన ఇష్టప్రకారం మంత్రి కాదు. ఎవరి ఇంట్లో దిగితే వాళ్లే అవుతుంది. ఏనుగు ఇంట్లో ఏనుగు, ఒంటె ఇంట్లో ఒంటె. కొత్త పద్ధతి రాజారాంకు తెలియక కాదు. పిల్లలకు ఆయన నేర్పేది అదే. హాల్లో తీరిగ్గా ఆడేటప్పుడు చెయ్యి పాత దారిన పోబోతే ఆపుకుంటాడు, ఆ ఆపుకోవడంలోనే ఆట చిక్కుపడుతుంది. గడియారం తరిమితే మాత్రం ఆపుకునే వ్యవధి ఉండదు. చెయ్యి దాని దారిన అది పోతుంది. దాని వల్లే గెలుస్తాడు, దాని వల్లే ఓడతాడు. ముక్కలు ముక్కలుగా ఆయన చెప్పినదాన్ని అనుపమ మనసులో ఇలా కూర్చుకుంది. ఒకే మనిషి, రెండు చోట్ల, ఒకే తప్పు. తన సూత్రం సరైనదే. దేన్ని చూసి కాపీ కొట్టాడన్న దగ్గరే తాను పొరబడింది. ఆయన ఎత్తులు కలిసింది యంత్రంతో కాదు, ఎప్పుడో పోయిన తండ్రి చేతితో.

ఆమె అక్కడే నిలబడి ప్రథమేశ్‌కు ఫోన్ కలిపింది. అందరూ వినేలా స్పీకర్ పెట్టి, తన మాట తప్పని, రాజారాంకు తాను పూచీ అని చెప్పింది. ఆధారమేమిటని ప్రథమేశ్ మర్యాదగా అడిగాడు. ఆయన ఇప్పుడే నా చేతిలో ఓడిపోయాడంది అనుపమ.  మొత్తం విడమర్చి చెప్పాక, రేపటి ఫైనల్‌కు జాబితా మూసేశారని, ఆ తర్వాత కమిటీ ముందు పెడతానని, రాసి పంపమని అన్నాడు. శంకర్రావు కిటికీలోంచి రోడ్డు మీద ఆటోలను చూడసాగాడు. కొంతసేపటికి రాజారాం వైపు తిరక్కుండానే, రేపు పొద్దున క్లాసుకు మీరే వస్తే బాగుంటుందన్నాడు. తల్లిదండ్రులు పిల్లల్ని పంపితే కదా అని రాజారాం అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు.

ఒక్కొక్కరే దిగిపోయారు. రాజారాం పావుల్ని సంచిలో వేసుకుంటున్నాడు. అనుపమ ఆయన ఎదురుగా నిలబడి, ఆ రోజు ఇంట్లో అడిగినప్పుడే ఈ మాట చెప్పి ఉండవచ్చు కదా అంది. అడగడానికి తనకేం హక్కుందో ఆమెకే తెలియలేదు.

"ఎట్ల చెప్పాలె బిడ్డా? అందరు వాహ్వా అన్నరు. అది నేను సూసి ఏసిన గుర్రం కాదు, చెయ్యి ఏసింది అంటె నవ్వరా? నాకు కూడ ఆ వాహ్వా మంచిగనే అనిపించింది. ఊకున్న." సంచి తాడు లాగి ముడేశాడు. "గందుకే గుర్రం మీద నువ్వు అనుమానపడ్డవంటె నాకు కోపం లేదు. నాది కానిది నేనే తీసుకున్న. కని ఆ ఒంటె ఆట..."

 మెడ దగ్గర టీషర్టు సవరించుకున్నాడు.

"ఆ నాడు నేను అన్నం ముట్టలె. నా వల్లనే మన టీం కిందికి పడ్డదని, కాజల్ ఎంత పిలిచినా గదిలకెల్లి బయటికి రాలె. అది కూడ కావాల్నని ఓడిన్నని రాసినవు."

  రాజారాం సంచి భుజాన వేసుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి పోయాడు.

అనుపమ ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. కమిటీకి ఏం రాయాలన్నది తర్వాతి సంగతి. ముందు, తన మాటలు ఎక్కడ పడ్డాయో అక్కడే, నాలుగు జిల్లాల వాళ్లూ చదివే చోటే రాయాలి. ఫోన్ తీసి గ్రూపు తెరిచింది. గుర్రం గురించి కాదు, పర్భణీ వాళ్లతో ఆడి రాజారాం ఓడిపోయిన ఆట గురించి మొదలుపెట్టింది.